మోకాలి లోతు: కాళేశ్వరం ఇసుక తిప్ప చుట్టూ పడవలో ఒక రోజు

కాళేశ్వరం దగ్గర గోదావరి నడుమ ఉన్న పెద్ద ఇసుక తిప్పను పడవలో చుట్టి రావాలంటే ఎట్లా వెళ్లాలి, ఎంత అవుతుంది, పిల్లల్ని తీసుకుపోవచ్చా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. నేను ఏటా ఆ ఒడ్డుకు పోతానని తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న ఇది. దారి చెబుతాను, ఖర్చు చెబుతాను. కానీ ఆ తిప్ప చుట్టూ నేను మొదటిసారి తిరిగిన రోజు గురించి చెప్పకుండా దారి ఒక్కటే చెబితే, సగం వాక్యం చదివి గ్రంథం మూసేసినవాడినవుతాను. అవి తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. నేను చూడటానికి పోలేదు. నీళ్లలో పోయిన ఒక మనిషిని వెతకడానికి పోయాను. అతను నీళ్లలోకి పోయింది నా నోటి మాట విని.

అప్పట్లో మహబూబాబాద్ బజారులో నాకు సైకిళ్లు బాగుచేసే దుకాణం ఉండేది. చదువు ఏడో తరగతి దాటలేదు. ఒక చేత్తో పంక్చర్ వేస్తూ, పక్కన స్టూలు మీద వాక్యగ్రంథం, అంటే బైబిలు, తెరిచి పెట్టుకొని కూడబలుక్కుంటూ చదివాను. ఎవరూ నాకు పట్టా ఇవ్వలేదు. ఆదివారం వస్తే తండాలకు, వాడలకు పోయి వాక్యం చెప్పేవాడిని. పాస్టరును కాకపోయినా అందరూ పాస్టరన్న అనే పిలిచేవాళ్లు. గొంతు పెద్దది, రెండు వీధుల అవతలికి వినిపించేది. ఉద్యమం ఊపందుకున్నాక ఆ గొంతు మా పట్టణ కమిటీ వాళ్లకు పనికొచ్చింది. రోడ్డు మీద వంటావార్పు పెట్టినా, రాస్తారోకో చేసినా నాకు కబురు వచ్చేది. ఇష్టంగానే పోయేవాడిని. మన నీళ్లు మన పొలాలకు రావాలని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. అందులో తప్పు లేదు. తప్పు వేరే చోట ఉంది, చెబుతాను.

ఎండలు ఇంకా ముదరని ఒక సోమవారం, కాళేశ్వరంలో జలదీక్ష పెట్టారు. అంటే జెండాలు పట్టుకొని ఛాతీ లోతు నీళ్లలో రెండు గంటలు నిలబడటం. రెండు డీసీఎం వ్యాన్లలో బయలుదేరాం. కురవి దగ్గరి ఒక తండా నుంచి పన్నెండు మంది మగవాళ్లు మా వ్యానులోనే ఎక్కారు. మిరప తోటల్లో కూలికి పోయేవాళ్లు. చెరువు తెలుసు, బావి తెలుసు, గోదావరి తెలియదు. వాళ్లలో హర్యా అని ముప్పై ఏళ్ల మనిషి. మెడలో ఎర్ర తువ్వాల, కాళ్లకు కొత్త చెప్పులు, నోటినిండా నవ్వు. పరకాల దాటేసరికి వ్యానంతా అతని చుట్టూ చేరింది. "పాస్టరన్నా, మీ దేవుడు నీళ్ల మీద నడిచిండంట గదా. మాకు గూడ జర నేర్పరాదె," అన్నాడు. నేనూ నవ్వాను.

రేవులో చెప్పులు విప్పి నా సంచి పక్కన పెట్టాడు. "అన్నా, కొత్తయి, జర చూడు," అని దిగాడు. జనం నడుము లోతులో ఆగిపోయారు. నీళ్లు చల్లగా ఉన్నాయి, కాళ్ల కింద ఇసుక కదులుతోంది. ఒడ్డున ఫొటోలు తీసేవాళ్లు ఇంకా లోపలికి పొమ్మంటున్నారు. ఎవరూ కదలడం లేదు. అప్పుడు నేను మైకు తీసుకున్నాను. యొర్దాను నది సంగతి ఎత్తుకున్నాను. యాజకుల పాదాలు తడిసిన తర్వాతే ఆ నది ఆగిందని, ఒడ్డున నిలబడ్డవానికి దారి తెరుచుకోలేదని చెప్పాను. "దిగుండ్రి! భయపడెటోనికి రాష్ట్రం రాదు, ఇంకా దిగుండ్రి!" అన్నాను. అది బ్యాటరీ మైకు. తడిస్తే పాడైపోతుందని నేను మోకాలి లోతులో నిలబడ్డాను.

వాళ్లు దిగారు. హర్యా అందరికంటే ముందు దిగాడు. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటికి కొంచెం దిగువన, ఇసుక అరుగు ఉన్నట్టుండి తెగుతుంది. ఒక్క అడుగు తేడాతో ఛాతీ లోతు నీళ్లు మనిషిని మింగే మడుగవుతాయి. కేకలు లేచాయి. వాటిని నేను నినాదాలనుకున్నాను. అందుకే మాట్లాడుతూనే ఉన్నాను. ఎంతసేపని నన్ను అడగకండి. ఎవరో వచ్చి నా చేతిలోంచి మైకు లాక్కునేదాకా మాట్లాడాను.

ఆ రోజు, మరుసటి రోజు బెస్తవాళ్లు హర్యా కోసం రేవు చుట్టూ గాలించారు. దొరకలేదు. మంగళవారం సాయంత్రానికి హర్యా భార్య మంగ్లి వచ్చింది. కమిటీ వాళ్లు బుధవారం సాయంత్రం సభ పెట్టి, హర్యాను అమరవీరుడని ప్రకటించాలనుకున్నారు. తండా వాళ్లతో పాటు నేనూ సత్రంలోనే ఉండిపోయాను. బుధవారం తెల్లవారి పడవ ఎక్కేటప్పుడు నా ముందు ఒక్కటే పని ఉంది. హర్యా శవం బయటపడేలోపు, నీ భర్తను దిగమన్నది నేనేనని ఆమెకు చెప్పాలి.

ఇక దారి. హన్మకొండ నుంచి పరకాల, భూపాలపల్లి, కాటారం, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం దగ్గర దగ్గర మూడున్నర గంటల ప్రయాణం. మహబూబాబాద్ వాళ్లయినా, జనగామ వాళ్లయినా ముందు రైల్లో వరంగల్ చేరి అక్కడి నుంచి బస్సు పట్టుకోవడం మేలు. కొడకండ్ల వైపు నుంచి వచ్చేవాళ్లు ఒక పూట ఎక్కువ లెక్క వేసుకోండి. ఆ రోజుల్లో బంద్ ఉంటే బస్సు ఎక్కడ ఆగిపోతుందో డ్రైవరుకే తెలిసేది కాదు. మంగ్లి, ఆమె మరిది సగం దారి బొగ్గు లారీ మీద వచ్చారు. అప్పుడు అవతల మహారాష్ట్రలో ఉన్న సిరోంచకు వంతెన లేదు, అందరూ పడవలోనే దాటేవాళ్లు. తిప్ప చుట్టూ తిప్పి తెస్తే పడవకు ఐదారు వందలు తీసుకునేవాళ్లు. ఇప్పుడు దానికి రెండింతలు అనుకోండి.

మేం వెళ్లిన పడవకు మాత్రం కిరాయి లేదు. మనిషి నీళ్లలో పోతే, దొరికేదాకా ఆ రేవులో ఎవరూ వల వేయరు, వెతికే పడవకు కిరాయి తీసుకోరు. మూడు రోజులుగా వలలన్నీ ఒడ్డున ఆరి ఉన్నాయి. పడవ నడిపే పోశం ఏభై ఏళ్ల బెస్త మనిషి. ఆరున్నరకు పడవ దగ్గర మంగ్లిని చూసి బీడీ పారేశాడు.

"నువ్వెందుకు బిడ్డా? మేం పోయి చూసొస్తం గదా. మీ మరిది వస్తె చాలు."

"మరిది పోలీసోళ్ల దగ్గర కూసున్నడు. నేనే వస్త."

"నీళ్లల్ల మూడు దినాలాయె. చూడలేవు."

"నేను గాకపోతె ఇంకెవరు చూస్తరు?" అని ఆమె పడవ నడుమ కూర్చుంది. ఒడిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో హర్యా చెప్పులు. నా సంచి పక్కనుంచి తీసి వాటిని నేనే ఆమెకు ఇచ్చాను. ఇచ్చేటప్పుడైనా చెప్పి ఉండవచ్చు.

తిప్ప మొదటి ఒడ్డు రేవు నుంచి ఇరవై నిమిషాలు. పోశం వెదురు గడ నీళ్ల అడుగుకు గుచ్చి తోస్తుంటే పడవ చప్పుడు లేకుండా పోయింది. ఇసుకలో గుంతలు తీసి పుచ్చకాయ తీగలు పెంచే ఒక కుటుంబం అక్కడ గుడిసె వేసుకొని ఉంది. మీరు పోయేటప్పుడు ఆ తోటలు ఉంటే ఒక కాయ కొనుక్కోండి, ఇసుక చల్లదనానికి లోపల మంచులా ఉంటుంది. గుడిసె ముందు అంబలి కాస్తున్న ముసలమ్మను పోశం పలకరించాడు.

"అవ్వా, నీళ్లల్ల ఏమన్న కానొచ్చిందా?"

"నిన్న పొద్దుగూకంగ ఎర్ర తువ్వాల ఒకటి కొట్టుకపోయింది బిడ్డా. తోక దిక్కు పోయింది." తిప్ప దిగువ కొసను వాళ్లు తోక అంటారు. ఎర్ర తువ్వాల అనగానే మంగ్లి లేచి నిలబడింది. ముసలమ్మ ఆమె చేతిలో అంబలి గిన్నె పెట్టి, నా వైపు చూసింది. "నువ్వేమైతవు బిడ్డా ఈమెకు?"

"ఊరోన్ని," అన్నాను.

మంగ్లి అంబలి తాగలేదు. గిన్నె నాకు అందించింది. నేను తాగాను.

రెండో ఒడ్డు చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. మొత్తం తిప్ప మీద అందమైన చోటు ఇదే, అబద్ధం చెప్పను. అరకిలోమీటరు పొడవున తెల్లటి ఇసుక, మోకాలు దాటని నీళ్లు, అంచున వరుసగా కొంగలు. పిల్లలతో వచ్చేవాళ్లు ఇక్కడ దిగితే చాలు, ముందుకు పోనక్కర లేదు. ఆ పొద్దున నాకు అందులో ఏ అందమూ కనిపించలేదు. నీళ్లలో నల్లగా కనిపించిన ప్రతి మొద్దూ మనిషిలా ఉంది. ముగ్గురం అంచు వెంట నడిచాం. సగం దూరం పోయాక మంగ్లి నా పక్కకు వచ్చింది.

"అన్నా, ఒకటి అడుగుత. ఆయనకు నీళ్లంటే భయం. మా తండల బాయి కాడ బొక్కెనేయ్యాలన్నా నన్నే పిలిచెటోడు. నవ్వుకుంట కప్పిపెట్టెటోడు గని భయం. గసొంటోడు గంత లోపటికి ఎందుకు దిగిండు? ఎవరు దిగమన్నరు?"

బైబిల్లో తమ్ముణ్ణి చంపిన మొదటి హంతకుణ్ణి, నీ తమ్ముడు ఎక్కడని దేవుడు అడిగిన చోటు నేను ఎన్ని వందల సార్లు చదివి వినిపించానో లెక్క లేదు. నేనేమైనా వాని కావలివాణ్ణా అన్న ఆ జవాబును ఎంతగా దుమ్మెత్తిపోశానో కూడా లెక్క లేదు. ఆ ప్రశ్న నా దగ్గరికి వచ్చిన రోజు నా నోటినుంచి వచ్చిన మాట ఇది: "అందరం దిగినం చెల్లె."

ముందు నడుస్తున్న పోశం ఆగి వెనక్కి చూశాడు. ఉమ్మేసి నడిచాడు.

మూడో ఒడ్డు మహారాష్ట్ర వైపుకు ఉంటుంది. లోతు ఎక్కువ, ఒడ్డు నిటారు. మీరు అక్కడ దిగకండి. పదకొండు గంటల ఎండకు ఇసుక కాలడం మొదలైంది. మంగ్లిని పడవలో ఉండమని, మేమిద్దరం గట్టు వెంట పోయాం. ఒక ఎండు కొమ్మకు ఎర్ర తువ్వాల చిక్కుకొని ఉంది. పోశం దాన్ని పిండి భుజాన వేసుకున్నాడు.

"పాస్టర్ సాబ్, గా రోజు నేను ఒడ్డు మీదనే ఉన్న. వల బాగుచేసుకుంట నువ్వు చెప్పిందంత విన్న."

నేను రెండు అడుగులు ముందుకు వేశాను. అతను వెనకే వచ్చాడు.

"నీ మైకు తడిసిందా?"

"లేదు."

"మంచిగ పనిచేస్తున్నదా?"

"చేస్తున్నది."

"గంత మందికి వినవడేటట్టు చెప్పినోనివి, ఒక్క ఆడిమనిషికి చెప్పనీకి ఏం అడ్డమొచ్చె? అందరం దిగినమా? నీ లుంగీ గూడ నానలే గదనె."

తుఫాను నడుమ పడవలోంచి నీళ్లలోకి విసిరేయబడ్డ ప్రవక్త సంగతి గుర్తొచ్చింది. ఆయన కనీసం తప్పు నాదేనని, నన్నే విసిరేయమని నావికులకు చెప్పాడు. నాకు ఆ పాటి ధైర్యం కూడా లేదు. తిరిగి వచ్చాక పోశం తువ్వాల మంగ్లికి ఇచ్చాడు. ఆమె దాన్ని చెప్పుల సంచిలో పెట్టుకొని, నా ముఖంలోకి సూటిగా, చాలాసేపు చూసింది. ఇప్పుడు చెబుతాననుకున్నాను. ఎండ ఎక్కువైందని, తలమీద కొంగు వేసుకొమ్మని చెప్పాను.

తోక దగ్గరికి చేరేసరికి రెండున్నర. అక్కడ నది రెండు పాయలూ కలిసి నెమ్మదిస్తాయి. పై నుంచి వచ్చినవన్నీ అక్కడ చేరతాయి: పిండాలు పెట్టినవాళ్ల విస్తర్లు, పగిలిన కుండలు, వాడిన దండలు, కట్టెలు. హర్యా అక్కడ, వెడల్పాటి మెత్తటి ఇసుకలో బోర్లా ఉన్నాడు. అంతకంటే ఎక్కువ రాయను. చొక్కా చూసి మంగ్లి గుర్తుపట్టింది. ఏడవలేదు. తన భాషలో ఏదో అంది, చిన్నపిల్లవాణ్ణి మందలించినట్టు. పోశం, నేను వెల్లకిలా తిప్పాం. ఆమె అతని ముఖం మీద తువ్వాల కప్పి, సంచిలోంచి చెప్పులు తీసి తొడగబోయింది. కాళ్లు ఉబ్బి ఉన్నాయి. పట్టలేదు. రెండుసార్లు చూసి, పక్కన పెట్టింది.

అప్పుడు చెప్పాను. ఆలస్యమైపోయాక, చెప్పినా చెప్పకపోయినా ఒకటే అయ్యాక చెప్పాను.

"చెల్లె, నేనే దిగమన్న. మైకుల నేనే దిగమన్న. నేను మోకాలు లోతుల నిలవడి మీవోన్ని ఇంకా దిగమన్న."

"తెల్సు," అంది ఆమె, తల ఎత్తకుండా. "ఆయనతోని దిగినోళ్లు నిన్ననే చెప్పిండ్రు. నీ నోటితోని చెప్తవేమో అని పొద్దటి సంది చూస్తున్న. మూడు ఒడ్లు దాటినం."

నేను మోకాళ్ల మీద కూలబడ్డాను. ప్రార్థన చేయబోయాను కాబోలు, చేతులు కలిశాయి.

"గవన్ని తర్వాత," అంది. "లే. కాళ్ల దిక్కు పట్టు."

పట్టాను. పడవలో ఎక్కించాక, తిరుగు దారిలో ఆమె ఒక్కసారే మాట్లాడింది. "అన్నా, ఒడ్డు మీద వాళ్లు మీటింగు పెట్టిండ్రంట. తెలంగాణ కోసం చావనీకే దిగిండని చెప్తరంట. గది నిజం గాదు. మిరప కోత అయినంక ఇల్లు కప్పుతనన్నడు ఆయన. చావనీకి దిగలే. గంత పెద్ద గొంతున్నది గదా నీకు, గది చెప్పు."

రేవుకు వచ్చేసరికి ఐదు. టెంటు, కుర్చీలు, దండ వేయడానికి సిద్ధంగా ఫొటో. శవాన్ని చూడగానే నినాదాలు మొదలయ్యాయి. కమిటీ పెద్ద ఒకాయన, హర్యా తన ప్రాణాలను గోదారి తల్లికి అర్పించిన వీరుడని మాట్లాడి, నా చేతికి అదే మైకు ఇచ్చాడు. మంగ్లి పడవ దగ్గర నిలబడి ఉంది. చెప్పులు చేతిలో ఉన్నాయి.

నా జీవితంలో నేను చెప్పిన అతి చిన్న ప్రసంగం అది. "హర్యా చావాలని దిగలేదు. బతకాలనుకున్నోడు. నీళ్లంటే భయమున్నోడు. నేను దిగమంటే దిగిండు. నేను మోకాలి లోతుల ఉన్న." అంతే. మైకు ఎవరో లాక్కున్నారు. ఆ మైకును నా చేతిలోంచి లాక్కోవడం అది రెండోసారి. "ఉద్యమానికి మచ్చ తెస్తున్నవా?" అని ఒకరు, "పాస్టరన్నకు ఎండదెబ్బ తగిలింది, కూసోబెట్టుండ్రి" అని ఒకరు అన్నారు. మరునాడు పత్రికలో అమరవీరుడనే వచ్చింది. కానీ రేవులో ఉన్నవాళ్లు విన్నారు, తండా వాళ్లు పన్నెండు మందిలో మిగిలిన పదకొండు మందీ విన్నారు. మంగ్లి తల ఊపింది. మెప్పుకోలు కాదు. వినిపించిందన్నట్టు, అంతే.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ రోజు మా బజారంతా రంగులు చల్లుకుంటుంటే నేను దుకాణంలో కూర్చొని సంతోషపడ్డాను, నిజంగానే. సంతోషం పక్కనే ఒక జత చెప్పులు కూడా కూర్చుంది. వాక్యం ఇప్పటికీ చెబుతాను, గొంతు ఇప్పటికీ పెద్దదే. యొర్దాను దాటిన భాగం వచ్చినప్పుడు మాత్రం ఒక సంగతి విడవకుండా చెబుతాను. ఆ నదిలో అందరికంటే ముందు దిగినవాళ్లు యాజకులు. జనమంతా దాటేదాకా నడిమధ్యలో నిలబడ్డవాళ్లూ వాళ్లే. అన్నేళ్లు చదివి, ఆ వాక్యంలో నాకు చెప్పిన ముక్కను నేను చదవలేదు. మంగ్లిని తర్వాత ఒకసారి కురవి జాతరలో చూశాను. కూలికి పోతున్నానంది, ఇల్లు కప్పించానంది. నన్ను క్షమించావా అని అడగలేదు. అడిగితే ఇంకో బరువు ఆమె నెత్తిన పెట్టడమే. ఏటా అదే నెలలో కాళేశ్వరం పోయి, రేవులో స్నానాలకు దిగేవాళ్లతో ఇసుక ఎక్కడ తెగుతుందో చెబుతూ ఒక రోజు గడుపుతాను. కింద బ్యారేజీ కట్టాక నీళ్లు నిలిస్తే తిప్ప మునుగుతుంది, వదిలితే తేలుతుంది. మడుగు ప్రతి ఏడూ చోటు మారుతుంది. పోశం ఇప్పుడు లేడు. అతని అల్లుడు పడవ నడుపుతున్నాడు, అతన్నే అడిగి తెలుసుకుంటాను.

పోయేవాళ్లకు ఒక్క మాట. పొద్దున ఏడు లోపు బయలుదేరండి, రేవులో పుట్టి పెరిగిన మనిషి పడవే మాట్లాడుకోండి, రెండో ఒడ్డు దాటి పిల్లల్ని నీళ్లలోకి దింపకండి. ఇంకొంచెం లోపలికి పోతే బాగుంటుందని ఎవరైనా అంటే, ఫొటో కోసం కానీ, మొక్కు కోసం కానీ, ఎంత గొప్ప పని కోసమైనా కానీ, దిగే ముందు ఆ మాట అన్న మనిషి కాళ్ల వైపు చూడండి. అతను ఎంత లోతులో నిలబడ్డాడో చూసి, అంతవరకే దిగండి.